డ్రాగన్ నుంచి డైనోసార్ దాకా: యానిమల్ కింగ్‌డమ్ కొత్త ల్యాండ్ చుట్టూ ఊహాగానాలు

డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ 1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు, ఫ్లోరిడాలో తెరుచుకుంది. దాని మొదటి లోగోలో జంతువుల నీడలు వరసగా నిలబడి ఉంటాయి. వాటిలో ఏనుగు ఉంది, మూడు కొమ్ముల డైనోసార్ ఉంది, డ్రాగన్ కూడా ఉంది. ఏనుగును చూడాలంటే పార్కులోని ఆఫ్రికా విభాగానికి వెళ్లవచ్చు. డైనోసార్ కోసం డైనోల్యాండ్ యూఎస్ఏ కట్టారు. డ్రాగన్‌కు మాత్రం ఎక్కడా చోటు లేదు. అయినా పార్కింగ్‌లో ఒక భాగానికి యునికార్న్ (ఒంటి కొమ్మున్న ఊహా గుర్రం) పేరు పెట్టారు, టికెట్ కౌంటర్ల దగ్గర డ్రాగన్ తల చెక్కారు. నిజంగా ఉన్న జంతువులు, ఒకప్పుడు ఉండి అంతరించినవి, మనిషి ఊహించుకున్నవి, ఈ మూడింటికీ ఇది రాజ్యమని డిస్నీ అధినేత మైకేల్ ఐస్నర్ ప్రారంభోత్సవంలోనే చెప్పారు. మూడో దానికి స్థలం ఎక్కడ అన్న ప్రశ్న ఆ రోజే పుట్టింది. ఈ పార్కు మీద ఇన్నేళ్లుగా, ఇప్పుడు డైనోల్యాండ్ స్థలంలో రానున్న కొత్త ల్యాండ్ (ఒకే కథ చుట్టూ కట్టే పార్కు విభాగం) దాకా సాగుతున్న ఊహాగానాల వేరు అక్కడుంది.

ఆ మూడో దానికి ప్లాన్ నిజంగానే ఉండేది. బీస్ట్లీ కింగ్‌డమ్ అనే ల్యాండ్‌ను రెండు భాగాలుగా గీశారు. మంచి వైపు యునికార్న్‌ను వెతుక్కుంటూ వెళ్లే చిక్కుదారి, చెడు వైపు కాలిపోయిన కోటలో డ్రాగన్ కాపలా కాసే నిధి చుట్టూ తిరిగే రోలర్ కోస్టర్. పార్కు మొత్తం ఖర్చు పెరిగిపోవడంతో దీన్ని పక్కనపెట్టి, ఆ స్థలంలో తక్కువ ఖర్చుతో క్యాంప్ మిన్నీ మిక్కీ పెట్టారు. అంతా తాత్కాలికమే అన్న భావన అభిమానుల్లో బలంగా ఉండేది. పైగా పార్కు తెరిచిన కొత్తలో డిస్కవరీ నదిలో తిరిగిన పడవలు ఒక గుహ ముందు నుంచి వెళ్లేవి. ఆ గుహ లోంచి మంటలు ఎగిసేవి, డ్రాగన్ గర్జన వినిపించేది. రాబోయే ల్యాండ్‌కు అది బయానా లాంటిదని జనం అనుకున్నారు. పడవలు ఏడాది దాటాక ఆగిపోయాయి, గుహ మిగిలింది, ల్యాండ్ రాలేదు. 1999లో పక్కనే ఉన్న యూనివర్సల్ సంస్థ ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో డ్యూయలింగ్ డ్రాగన్స్ కోస్టర్ తెరిచినప్పుడు, డిస్నీ వదిలేసిన ఆలోచన అక్కడికి వలస పోయిందన్న కథ పుట్టింది. థీమ్ పార్క్ అభిమానులు ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు.

ఊహించిన జంతువు పార్కులోకి అసలు రానే లేదని కూడా చెప్పలేం. 2006 ఏప్రిల్‌లో ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ కోస్టర్ మొదలైంది. దాని చివర్లో యతి, అంటే హిమాలయాల్లో ఉంటుందని చెప్పుకునే మంచు మనిషి, చెయ్యి చాచి ప్రయాణికుల మీదికి విరుచుకుపడాలి. ఆ భారీ యంత్రం కొన్ని నెలలకే మొరాయించింది. అప్పటినుంచి యతి కదలకుండా నిలబడి ఉంటుంది, మెరుపు లైట్లు వేసి కదులుతున్నట్టు భ్రమ కలిగిస్తారు. దాన్ని బాగుచేయాలంటే కొండ నిర్మాణాన్నే విప్పాల్సి వస్తుందన్న మాట ఎంతో కాలంగా వినపడుతోంది. ప్రతి మరమ్మతు విరామానికి ముందూ, ఈసారి యతి కదులుతుందట అన్న వార్త మళ్లీ పుడుతుంది.

ఇక 2011 సెప్టెంబర్‌లో డిస్నీ అవతార్ సినిమా ప్రపంచాన్ని ఈ పార్కులోకి తెస్తున్నట్టు ప్రకటించింది. డ్రాగన్ల కోసం పుష్కర కాలంగా ఎదురుచూస్తున్న వాళ్లు ఒక్కసారిగా కంగుతిన్నారు. ఏళ్ల తరబడి అల్లిన ఊహల్లో ఏ ఒక్క దానిలోనూ ఈ పేరు లేదు. అది డిస్నీ సినిమా కూడా కాదు, అప్పటికి ట్వంటీయెత్ సెంచరీ ఫాక్స్ ఆస్తి. ఫాక్స్‌ను డిస్నీ కొనుక్కున్నది తర్వాతెప్పుడో, 2019లో. మొదట్లో కోపం చాలా కనిపించింది. జంతువుల పార్కులో నీలం రంగు మనుషులకేం పని అన్నారు. 2014 జనవరిలో క్యాంప్ మిన్నీ మిక్కీ మూసేసి పని మొదలుపెట్టారు, 2017 మే 27న పాండోరా తెరుచుకుంది. డ్రాగన్ కోసం దాచిపెట్టిన స్థలమే అది. తేలే కొండలు, చీకట్లో వెలిగే మొక్కలు, బాన్షీ అనే ఎగిరే జీవి వీపు మీద కూర్చున్న అనుభూతినిచ్చే ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ రైడ్ చూశాక విమర్శించినవాళ్లలో చాలామంది మాట మార్చారు. ఓ రకంగా చూస్తే రెక్కలున్న ఊహాజీవి ఆ స్థలానికే చేరింది, మెడలో వేరే పేరు వేసుకుని.

ఈ చరిత్ర ఎందుకు అవసరమంటే, తర్వాత డైనోల్యాండ్ విషయంలో అభిమానులు వేసిన అంచనాల్లో కొన్ని ఎందుకు అక్షరాలా నిజమయ్యాయో, కొన్ని ఎందుకు గాల్లో కలిసిపోయాయో దీన్ని బట్టే అర్థమవుతుంది.

ముందు ఈ ఊహలు ఎక్కడి నుంచి వస్తాయో చూడాలి. అన్నీ గాలివార్తలు కావు. ఫ్లోరిడాలో వర్షపు నీరు పోయే దారి మార్చాలంటే సౌత్ ఫ్లోరిడా వాటర్ మేనేజ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తులు, వాటితో జతచేసిన డ్రాయింగ్‌లు ఎవరైనా చూడవచ్చు. పని మొదలయ్యే ముందు ఆరెంజ్ కౌంటీ రికార్డుల్లో నోటీసు దాఖలవుతుంది. అందులో కాంట్రాక్టర్ పేరుంటుంది. ఆ కాంట్రాక్టర్ ఇంతకు ముందు ఏ పనులు చేశాడో తెలిస్తే, వచ్చేది రాతి కొండా, విద్యుత్ పనా, కూల్చివేతా అన్నది ఓ మోస్తరుగా పట్టుకోవచ్చు. పైనుంచి విమానంలో ఫొటోలు తీసేవాళ్లున్నారు. పేటెంట్ దరఖాస్తులు చదివేవాళ్లున్నారు. ఎత్తు కొలవడానికి ఇంజినీర్లు ఎగరేసిన బెలూన్‌ను దూరం నుంచి చూసి కొత్త కట్టడం ఎంత ఎత్తుంటుందో లెక్కగట్టేవాళ్లూ ఉన్నారు. ఇదంతా జీతం లేని పని. పార్కు మీద ప్రేమ లేకపోతే వరద నీటి మ్యాపులు ఎవరూ చదవరు.

అయితే ఈ కాగితాలు ఒక విషయం చెబుతాయి, ఇంకోటి చెప్పవు. గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, చెరువు ఎటు జరుగుతుందో డ్రాయింగ్‌లో కనబడుతుంది. ఆ గోడ లోపల ఏ సినిమా ఉంటుందో కనబడదు. అక్కడే ఊహ మొదలవుతుంది, జారిపడేదీ అక్కడే. తొంభై మీటర్ల పొడవున్న దీర్ఘచతురస్రం చూసి లోపల ఫలానా పాత్ర పాట పాడుతుందని చెప్పడం ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది. అదే దీర్ఘచతురస్రాన్ని చూసి, పాత రైడ్ గోడలను కదపడం లేదు కాబట్టి పట్టాలు అలాగే ఉంచుతారని చెబితే దానికి ఆధారం ఉంటుంది.

డైనోల్యాండ్ ఇందుకు చక్కటి ఉదాహరణ. ఆ ల్యాండ్ కథ కొంచెం వింతగా ఉండేది. డిగ్స్ కౌంటీ అనే కల్పిత ప్రాంతంలో శిలాజాలు దొరుకుతాయి. శాస్త్రవేత్తలు వచ్చి పరిశోధన సంస్థ పెడతారు. అక్కడే పెట్రోల్ బంకు నడుపుకునే చెస్టర్, హెస్టర్ అనే దంపతులు, వచ్చే జనాన్ని చూసి, పార్కింగ్ స్థలంలోనే చవక రకం తిరునాళ్ల ఆటలు పెడతారు. అందుకే 2001, 2002 ప్రాంతంలో వచ్చిన డైనోరామా అంతా నల్ల తారు నేల, గీతలు గీసిన పార్కింగ్ గళ్లు, రంగురంగుల బల్బులు. పక్కన వేసిన రోడ్డు బోర్డు మీద 498 అని ఉండేది, నాలుగో నెల, తొంభై ఎనిమిదో సంవత్సరం, పార్కు పుట్టిన తేదీ. డైనోసార్ రైడ్ ఎక్కే చోట పైకప్పు కింద ఎర్ర, పసుపు, తెలుపు రంగుల పైపులు ఉండేవి. వాటి మీద రాసిన రసాయన సూత్రాలు కెచప్‌వి, ఆవపిండి సాస్‌వి, మయొనీజ్‌వి. మొదట్లో ఆ ల్యాండ్‌కు మెక్‌డొనాల్డ్స్ స్పాన్సర్‌గా ఉండటమే కారణం. ఇంత జాగ్రత్తగా అల్లిన కథ ఇది. కానీ ఎండలో నీడ లేని తారు మీద నడిచే కుటుంబానికి ఆ కథ అందేది కాదు, చవకగా కట్టారనే అనిపించేది. అక్కడి ప్రైమీవల్ వర్ల్ కోస్టర్ 2020లో శాశ్వతంగా మూతపడ్డాక, ఈ ల్యాండ్ రోజులు దగ్గరపడ్డాయన్న విషయంలో ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు.

2022 సెప్టెంబర్‌లో జరిగిన డిస్నీ అభిమానుల డి23 వేడుకలో అప్పటి డిస్నీ పార్కుల అధిపతి జాష్ డమారో, ఇమాజినీర్ (డిస్నీ పార్కుల డిజైనర్) క్రిస్ బీటీ, డిస్నీ యానిమేషన్ స్టూడియోకు చెందిన జెన్నిఫర్ లీ వేదిక మీద కొన్ని ఆలోచనలను పంచుకున్నారు. డైనోల్యాండ్ స్థలంలో జూటోపియా సినిమా ప్రపంచం గానీ మోవానా సినిమా ప్రపంచం గానీ వస్తే ఎలా ఉంటుందన్న బొమ్మలు చూపించారు. ఇది ప్రకటన కాదని, బ్లూ స్కై దశ అని, అంటే ఇంకా ఏదీ ఖరారు కాని తొలి ఊహల దశ అని అప్పుడే చెప్పారు. ఆ మాట సభ దాటి బయటకు వచ్చేసరికి మాయమైంది. మర్నాటికల్లా అభిమానులు జూటోపియా ల్యాండ్ ఖాయం అన్నట్టు మ్యాపులు గీశారు, రైళ్లు ఎటు తిరగాలో, ఏ దుకాణం ఎక్కడ ఉండాలో కూడా నిర్ణయించేశారు. డిస్నీ తప్పు కూడా ఇందులో ఉంది. వేలమంది వీరాభిమానుల ముందు తెర మీద రంగుల బొమ్మ వేసి, దీన్ని నమ్మకండి అంటే ఎవరు ఆగుతారు?

జూటోపియా మీద అప్పట్లో నడిచిన వాదన మాత్రం ఆసక్తికరమైంది. యానిమల్ కింగ్‌డమ్‌ను రూపొందించిన బృందానికి జో రోడీ నాయకుడు. ప్రకృతికి దాని సొంత విలువ ఉందని చూపడం, సాహసం ద్వారా మనిషిలో మార్పు, ఇంటికెళ్లాక ఏదైనా చెయ్యాలన్న ప్రేరణ, ఈ మూడూ పార్కుకు మూలమని ఆయన చెబుతూ వచ్చారు. జూటోపియా నగరంలో జంతువులు ప్యాంట్లు వేసుకుంటాయి, ట్రాఫిక్ పోలీసులవుతాయి. అది మనుషుల కథ, జంతు వేషంలో. దాన్ని అడవి పులి పక్కన పెడితే పులి అర్థం మారిపోతుందని చాలామంది అభిమానులు వాదించారు. ఈ వాదనలో బలం ఉంది. పార్కు కోరేది జంతువును జంతువుగా చూడమని. ఆ ఒక్క షరతు సడలితే ఇది మామూలు డిస్నీ పార్కే, కాకపోతే కొన్ని జిరాఫీలు ఉన్న పార్కు.

ఈ వాదన డిస్నీ చెవిన పడిందో లేదో గానీ, ఫలితం మరోలా తేలింది. 2023 సెప్టెంబర్‌లో డిస్నీ తన ఆలోచనను మార్చి ఎన్‌కాంటో, ఇండియానా జోన్స్ సినిమాల పేర్లు బయటపెట్టింది. 2024 ఆగస్టులో దాన్ని ఖరారు చేసింది. ట్రాపికల్ అమెరికాస్ అనే ల్యాండ్, అందులో ప్యూబ్లో ఎస్పెరాన్సా అనే ఊరు, మొత్తం 11 ఎకరాలు, 2027లో ప్రారంభం. జూటోపియా పూర్తిగా పోలేదు. పార్కు నడిబొడ్డున 145 అడుగుల ఎత్తున నిలబడే ట్రీ ఆఫ్ లైఫ్ వేళ్ల కింద 1998 నుంచి నడిచిన పురుగుల త్రీడీ షో 2025 మార్చిలో ఆగిపోయింది, అదే హాలులో 2025 నవంబర్‌లో జూటోపియా షో మొదలైంది. మోవానాకు 2023లో పక్క పార్కు ఎప్‌కాట్‌లో నీళ్ల మధ్య నడిచే దారి దక్కింది. జూటోపియాకు షాంఘై పార్కులో 2023 డిసెంబర్‌లో ఏకంగా ఓ ల్యాండే వచ్చింది. వేదిక మీద చూపిన ఆలోచన ఏదీ వృథా కాలేదు, కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో చోటికి చేరింది. ఇది గమనించని ఊహాగానం ప్రతిసారీ పేరును పట్టుకుంటుంది, చిరునామాను వదిలేస్తుంది.

ఇండియానా జోన్స్ విషయంలో అభిమానుల అంచనా నిజమవడం వెనుక అదృష్టమేమీ లేదు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 1995లో ఇండియానా జోన్స్ అడ్వెంచర్ రైడ్ మొదలైంది. కుదుపులిచ్చే జీపు లాంటి బండి చీకటి గుహల్లో మలుపులు తిరుగుతూ పోతుంది. మూడేళ్లకు యానిమల్ కింగ్‌డమ్‌లో వచ్చిన డైనోసార్ రైడ్ కూడా ఆ బండి మీదే నడిచింది, దారి కూడా దాదాపు అదే మలుపులతో వేశారు. రెండూ ఎక్కినవాళ్లకు కళ్లు మూసుకుంటే తేడా తెలియదు. అందుకే డైనోసార్ ఎప్పుడైనా పోతే ఆ భవనంలోకి ఇండియానా జోన్స్ వస్తాడన్న మాట ఎన్నో ఏళ్లుగా ఉంది. ఖరీదైన భవనం, పట్టాలు, బండ్లు చేతిలో ఉంటే ఏ కంపెనీ అయినా వాటిని పారేసి కొత్తవి కట్టదు. ఈ లెక్క వేసినవాళ్లు సినిమా మార్కెట్ గురించి ఆలోచించలేదు, కాంక్రీటు గురించి ఆలోచించారు. డైనోల్యాండ్‌లో పిల్లల రైడ్, ఆటల స్టాళ్లు 2025 జనవరిలో మూసి కూల్చడం మొదలుపెట్టారు. డైనోసార్ రైడ్‌ను మాత్రం 2026 ఫిబ్రవరి మొదటి రోజు దాకా నడుపుతామన్నారు. లోపల అలంకరణ మార్చడమే పెద్ద పని కాబట్టి దానికి అంత సమయం చాలునన్న మాట.

ఇండియానా జోన్స్ వెళ్లే మాయా నాగరికత నాటి ఆలయంలో ఏదో ఒక పౌరాణిక జీవి ఉంటుందని డిస్నీ చెప్పింది. ఎన్‌కాంటోలో ఆంటోనియో అనే పిల్లవాడికి జంతువులతో మాట్లాడే వరం ఉంటుంది, కొత్త రైడ్ కథ అతనికి ఆ వరం దక్కిన సమయంలో నడుస్తుంది. అంటే సినిమాలు ఎంచుకున్నప్పుడు కనీసం జంతువు అనే తాడును పట్టుకున్నారు. ఆ తాడు ఎంత గట్టిగా ఉంటుందన్నది వేరే ప్రశ్న. ఎన్‌కాంటో నిజానికి ఒక కుటుంబం కథ, కొలంబియా ఇంటి కథ. టుకాన్ పక్షి, కాపిబారా అందులో పక్క పాత్రలే.

ఇక్కడ ఊహాగానాల్లో ఉన్న పెద్ద లోటు గురించి చెప్పుకోవాలి. ఏ సినిమా వస్తుంది, ఏ కోస్టర్ వస్తుంది, ఎంత ఎత్తు అన్న చర్చ వందలాది గంటలు సాగుతుంది. ఏ జంతువు వస్తుంది అన్న ప్రశ్న ఎక్కడో చివర్లో వినిపిస్తుంది. నిజానికి ఈ పార్కులో మిగతా అన్నింటినీ నియంత్రించేది జంతువే. మిగిలిన డిస్నీ పార్కుల్లో రాత్రి బాణసంచా కాలుస్తారు, ఇక్కడ కాల్చరు. 2017లో మొదలుపెట్టిన రివర్స్ ఆఫ్ లైట్ రాత్రి షోను బాణసంచా లేకుండానే నడపాల్సి వచ్చింది, 2020లో అదీ ఆగింది. కూల్‌డ్రింక్ కొంటే ప్లాస్టిక్ మూత, ప్లాస్టిక్ స్ట్రా ఇవ్వరు. అవి ఎగిరి ఎన్‌క్లోజర్‌లో పడితే జంతువు మింగేస్తుందని మొదటి నుంచీ ఉన్న నియమం. బెలూన్లు అమ్మరు. పక్క ల్యాండ్‌లో పెద్ద శబ్దం చేసే కోస్టర్ పెట్టాలంటే పులి ఎక్కడ పడుకుంటుందో ముందు చూసుకోవాలి.

జంతువులను తేవడం ఎంత కష్టమో పార్కుకు తొలి రోజుల్లోనే తెలిసింది. 1998లో ప్రారంభానికి ముందు నెలల్లో చీతా పిల్లలు, ఖడ్గమృగాలు సహా కొన్ని జంతువులు చనిపోయాయి. అమెరికా వ్యవసాయ శాఖ విచారణ జరిపి, చట్టాన్ని ఉల్లంఘించలేదని తేల్చింది. అయినా ఆ వార్తలు ప్రారంభోత్సవం మీద నీడలా పడ్డాయి. దీన్ని గుర్తుపెట్టుకుంటే, కొత్త ల్యాండ్ అనగానే కంపెనీకి రోబో జంతువు మీద ఎందుకు మొగ్గు ఉంటుందో అర్థమవుతుంది. రోబోకు పశువైద్యుడు అక్కర్లేదు. యతిని చూస్తే దానికీ డాక్టర్ కావాల్సొస్తుందనుకోండి, కానీ అది చనిపోదు.

సినిమా లేకుండా ఈ పార్కు ఎంత బాగా కథ చెప్పగలదో చూడాలంటే ఆసియా విభాగానికి వెళ్లాలి. అక్కడ ఆనందపూర్ అనే కల్పిత రాజ్యం కట్టారు. పేరు పెట్టడానికి ఏ సినిమానూ అరువు తెచ్చుకోలేదు. పార్కు చూడటానికి ఓర్లాండో వెళ్లే మన తెలుగు కుటుంబాలకు అక్కడి గోడలు చూస్తే సొంత ఊరు గుర్తొస్తుంది. పెచ్చులూడిన సున్నం, చేత్తో రాసిన అంగడి బోర్డులు, చిక్కుపడ్డ కరెంటు తీగలు, చెట్టుకు కట్టిన గుడ్డ పీలికలు. మహారాజా జంగిల్ ట్రెక్ దారిలో పాడుబడ్డ వేట మహల్ గోడల మధ్య పులులు తిరుగుతాయి. ఒకప్పుడు రాజులు వేటాడిన చోటు ఇప్పుడు పులులకు దక్కిందన్నది కథ. అటుపక్క మైదానంలో కృష్ణజింకలు మేస్తాయి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అవి. పక్కనే కాళి నదిలో తెప్ప ఎక్కితే చెట్లు నరికి తగలబెట్టిన అడవి మధ్య నుంచి వెళతారు. వినోదం మధ్యలో అడవి కాలుతున్న వాసన పెట్టే ధైర్యం 1999లో ఆ డిజైనర్లకు ఉంది. జో రోడీ 2021 జనవరిలో రిటైరయ్యారు. తర్వాత వచ్చిన పెద్ద నిర్ణయాలన్నీ ఏదో ఒక సినిమా పేరుతో ముడిపడ్డాయి. అభిమానుల ఊహలు కూడా ఆ దారినే పట్టాయి, ఇది బాధ కలిగించే విషయం. వ్యాపారం కోసం కంపెనీ సినిమా అడగటం సహజం. డబ్బు ఖర్చు లేని కలలో కూడా సినిమా పేరే ఎందుకు రావాలి?

ట్రాపికల్ అమెరికాస్ తర్వాత ఏమిటన్న ప్రశ్న ఇప్పుడు కొత్త పుకార్లకు ఆధారం. డిస్నీ పార్కులు, క్రూయిజ్‌ల మీద పదేళ్లలో 6 వేల కోట్ల డాలర్లు పెడతామని 2023లో ప్రకటించింది. యూనివర్సల్ 2025 మేలో ఎపిక్ యూనివర్స్ అనే కొత్త పార్కును తెరిచింది, అందులో ఎగిరే డ్రాగన్ల ద్వీపమూ ఉంది. డబ్బుంది, పోటీ ఉంది, యానిమల్ కింగ్‌డమ్‌లో ఖాళీ స్థలమూ ఉంది. 580 ఎకరాల పార్కులో సఫారీయే సుమారు 110 ఎకరాలు తీసుకుంటుంది, జనం నడిచే చోటు దాంతో పోలిస్తే చిన్నది. ఆస్ట్రేలియా ల్యాండ్ వస్తుందని, లయన్ కింగ్‌కు పెద్ద రైడ్ వస్తుందని ఆశించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పారిస్ పార్కుకు లయన్ కింగ్ రైడ్ ప్రకటించారు కాబట్టి ఫ్లోరిడాకూ వస్తుందన్న వాదనను జాగ్రత్తగా తీసుకోవాలి. పైన చూసినట్టు ఒక చోట దక్కిన సినిమా ఇంకో చోట కూడా దక్కుతుందన్న హామీ లేదు, చాలాసార్లు అది వ్యతిరేక సూచన కూడా.

ఈసారి నిజమైన జంతువుల ల్యాండ్ రాబోతుందా లేదా అన్నది తెలుసుకోవడానికి సినిమా వార్తలు చూడక్కర్లేదు. జంతువులకు రాత్రి పడుకునే ఎన్‌క్లోజర్లు కావాలి, అవి జనం కంటికి కనపడకుండా వెనుక వైపు కడతారు. రోజూ కడిగే నీళ్లు పోవడానికి మామూలు వర్షపు నీటి కాలువ సరిపోదు, వేరే ఏర్పాటు ఉండాలి. జంతువులు ల్యాండ్ తెరవడానికి చాలా నెలల ముందే వచ్చి అలవాటు పడాలి, క్వారంటైన్‌లో ఉండాలి, వాటికి కీపర్లను, పశువైద్యులను ముందే తీసుకోవాలి. అంటే వాటి గురించిన మొదటి ఆనవాళ్లు వేదిక మీద రంగుల బొమ్మల్లో రావు. వర్షపు నీటి అనుమతి డ్రాయింగుల్లో వెనుక వైపు వరుసగా గీసిన చిన్న చిన్న గదుల్లో, జూ కీపర్ ఉద్యోగ ప్రకటనల్లో వస్తాయి. అవి కనిపించిన రోజు ఏ సినిమా అని అడగకుండా, ఏ జంతువు అని అడిగితే సరైన జవాబు దొరికే అవకాశం ఎక్కువ.